నీళ్లడిగే పిల్ల

మా ఆసుపత్రిలో నా నోరంటే అందరికీ భయమే. పేషెంట్లకు భయం, వాళ్ల వెంట వచ్చినవాళ్లకు భయం, ఒక్కోసారి డాక్టర్లకు కూడా. “నువ్వు సూది గుచ్చేది చేతితోనా, నోటితోనా?” అని మా అమ్మ అడుగుతుంటుంది. నేనేం చెయ్యను? ఇన్నేళ్ల నర్సు ఉద్యోగంలో నాకు తెలిసొచ్చింది ఒకటే. జనం జబ్బు గురించి నిజమే చెబుతారు, మందుల గురించి చెప్పరు. ఏమేం గోలీలు వేసుకుంటున్నారని అడిగితే “ఒక తెల్లది, ఒక ఎర్రది” అంటారు. మోకిల వైపు కొత్త విల్లాల నుంచి వచ్చే కోస్తావాళ్లు గోలీల పేర్లు గడగడా చెప్పేస్తారు గానీ, చేతిసంచిలో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న డబ్బాల మాట ఎత్తరు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రకు తోడు పసుపు పొడి క్యాప్సూల్స్ కూడా మింగుతూ, చిగుళ్ల నుంచి నెత్తురు కారుతుంటే పరుగెత్తుకొచ్చాడొక పెద్దమనిషి. “ఇది ముందే చెప్పలేదేం సార్?” అంటే, “అది మందు కాదండీ, మూలికే కదా!” అన్నాడు. మూలికకు మన ఒంట్లో వేరే దారి ఏమన్నా వేసి ఉంచారా? డాక్టరు దగ్గరా వకీలు దగ్గరా దాచొద్దని పెద్దలు ఊరికే అనలేదు.

దయ్యాలను నేను నమ్మను. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే నేను చెప్పబోయేది ఎప్పుడో చనిపోయిన ఒక పిల్ల గురించి.

ఎండలు మండిపోతున్న రోజులు. మా ఆసుపత్రి మొయినాబాద్‌లో రోడ్డు మీదే ఉంటుంది. కింద మెడికల్ షాపు, పైన వార్డు. కిటికీలోంచి చూస్తే మెహిదీపట్నం బస్సులూ, కొబ్బరిబోండాల బండీ, ఫామ్‌హౌస్‌లకు దారి చూపించే బోర్డులూ కనిపిస్తాయి. ఆ మధ్యాహ్నం ముడిమ్యాల నుంచి ఒక అవ్వను ఆటోలో తీసుకొచ్చారు. వెంట కొడుకూ కోడలూ ఉన్నారు. టమాటా, కొత్తిమీర పండించుకునే ఇల్లు. అవ్వ చేతులు చూస్తేనే తెలుస్తుంది, మొన్నమొన్నటి దాకా కలుపు తీసిన చేతులని.

అవ్వ అరవడం లేదు, ఏడవడం లేదు. ఎంతో మర్యాదగా, తన నడుము ఎత్తున ఉన్న ఎవరితోనో మాట్లాడుతోంది. మంచం మీద కూర్చోబెడితే, పక్కన కాస్త జాగా చేసి, దుప్పటి చేత్తో సవరించి, “గీడ కూసో” అంది. కొడుకు తల దించుకున్నాడు.

“మొన్నటి సంది గిట్లనే ఉన్నది మేడం. గాలి సోకిందన్నరు. దర్గ కాడ తాయెత్తు గూడ కట్టిచ్చినం. తక్కువైతలేదు,” అన్నాడు.

నేను బీపీ చూద్దామని దగ్గరికి వెళ్లాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. “జర పక్కకు జరుగు బిడ్డా, పిల్లను తొక్కుతవ్,” అంది. నేను జరిగాను. అక్కడ నున్నటి టైల్స్ తప్ప ఏమీ లేవు. అయినా ఎందుకు జరిగానో నాకు ఇప్పటికీ తెలియదు.

రక్త పరీక్ష రిపోర్టు వచ్చేసరికి మా డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ఆవిడది కోస్తా, మాట మెత్తన, చూపు చురుకు. నూట ముప్పై అయిదు అన్నా ఉండాల్సిన సోడియం అవ్వకు నూట పదకొండు ఉంది. సోడియమంటే మరేం కాదు, ఒంట్లోని ఉప్పు. నెత్తుట్లో ఉప్పు అంతగా పడిపోతే నీళ్లు మెదడు కణాల్లోకి చేరి, నానబోసిన శనగల్లా అవి ఉబ్బుతాయి. ముందు తలనొప్పి, వాంతులు, తరవాత లేనివి కనపడటం, ఆ తరవాత ఫిట్స్, ఆ పైన చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

అవ్వ వేసుకునే బీపీ గోలి ఒంట్లోని నీళ్లనూ ఉప్పునూ మూత్రంలో పంపించేసే రకం. ముసలివాళ్లలో అది ఉప్పును లాగేయడం మాకు తెలిసిందే. “కానీ ఈ మాత్ర ఆవిడ చాలాకాలంగా వాడుతున్నారు సిస్టర్. ఇప్పుడే ఇంతగా ఎందుకు పడిపోయింది? ఇంకేదో ఉంది. మీరు కనుక్కోండి,” అంది డాక్టరమ్మ.

కోడల్ని అడిగాను. వేరే మందులేమీ లేవంది. నాటుమందు ఏమైనా? లేదంది. అంతలోనే కొంగు సర్దుకుని, నా వైపు కాకుండా కిటికీ వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆమె వాలకం. అప్పుడు ఆమె చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా మీద నా కన్ను పడింది. అత్త కోసం ఇంటి నుంచి తెచ్చిందట. మూత తీయించాను. అన్నం, ఉడకబెట్టిన పెసరపప్పు. కాస్త తీసి నోట్లో వేసుకున్నాను. ఉప్పు లేదు, కారం లేదు, పులుపు లేదు.

“చప్పిడి పత్యమెందుకు పెడుతున్నవు చెల్లె?” అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “చెప్తే మందు పట్టదన్నరు అక్కా.”

అవ్వకు మోకాళ్ల నొప్పులు. ఎక్కడో పక్క ఊళ్లో ఒకాయన పసరు పోస్తాడట. పొద్దున్నే పరగడుపున తాగాలి. ఉప్పు, కారం, చింతపండు, నూనె తగలకూడదు. మందు వేడి చేస్తుంది కాబట్టి చెంబులకు చెంబులు నీళ్లు తాగాలి. తాగుతున్నట్టు మూడో మనిషికి తెలియకూడదు, తెలిస్తే గుణం పోతుంది. అవ్వ మాట మీద నిలబడే మనిషి. చెప్పింది చెప్పినట్టు చేసింది. బీపీ గోలి కూడా ఒక్కపూట మానలేదు. గోలి ఉన్న ఉప్పును బయటికి తోస్తుంటే, పత్యం కొత్త ఉప్పును లోపలికి రానియ్యలేదు. మిగిలిన కాస్త ఉప్పు ఆ చెంబుల నీళ్లలో పలచబడిపోయింది. ఏ ఒక్కటీ విషం కాదు. అన్నీ కలిసి అవ్వను అక్కడికి తెచ్చాయి.

నేను కోడలి మీద విరుచుకుపడ్డాను. నా గొంతు విని వార్డంతా తిరిగి చూసింది. డాక్టరమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాక గానీ ఆపలేదు.

బీపీ గోలి ఆపేశారు. ఉప్పు ఎక్కువగా ఉన్న సెలైన్‌ను మెషిన్ పెట్టి మెల్లమెల్లగా ఎక్కించమన్నారు. ఇక్కడ తొందరపడితే కొంప మునుగుతుంది. పడిపోయిన ఉప్పును ఒక్కసారిగా పెంచితే మెదడు తట్టుకోలేదు, మనిషి బతికినా మాటా నడకా పోవచ్చు. ప్రాణం మీదికి వచ్చినా నిదానంగా నడవాల్సిన వైద్యం ఇది. దానితోపాటు ఇంకో ఆర్డరు రాశారు: నీళ్లు బంద్. పెదవులు తడపడానికి తప్ప, తాగడానికి ఇవ్వకూడదు. నేను మంచం పక్కనున్న సీసా, గ్లాసు తీసేశాను.

అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న అవ్వ ఉలిక్కిపడింది.

“నీళ్లేడికి తీస్కపోతున్నవ్ బిడ్డా? పిల్ల దూపైతుందంటున్నది.”

“నీళ్లు ఇయ్యొద్దు అవ్వా. డాక్టరు వద్దన్నది.”

“నాకు గాదు. నాకెందుకు? పిల్లకు. సూడు, పెదవులెట్ల పగిలినయో. ఒక్క గుక్క తాపు.”

“వద్దవ్వా. నీళ్లు తాగితే ఇంక ఎక్కువైతది.”

ఆ మాట వినగానే అవ్వ నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. కోపం కాదు, భయం. “నువ్వు గూడ మా అత్త లెక్కనే అంటున్నవ్,” అంది.

నాకేమీ అర్థం కాలేదు. కోడలు నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. “మా పెద్దాడబిడ్డ అక్కా. నేను రాకముందే సచ్చిపోయింది. మా ఇంటాయన అప్పటికి పాలు తాగే పిలగాడట. దానికి కక్కుడు, బయటికి పోవుడు పట్టుకున్నయట. నీళ్లు తాగితే ఇంక ఎక్కువైతదని ముసలామె, అంటే మా అత్తకు అత్త, తాపనియ్యలేదు. కుండ కాడ తనే కూసున్నదట. పిల్ల నీళ్లు నీళ్లు అనుకుంట పోయింది. ఇంట్ల ఎవ్వరు ఆ ముచ్చట తియ్యరు. ఇప్పుడు ఈమెనే తీస్తున్నది.”

ఆ పిల్లకు కావలసింది గ్లాసెడు నీళ్లు, చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర. మేము ట్రైనింగ్‌లో అన్నిటికంటే ముందు నేర్చుకున్న మందు అది. పిల్లకు నీళ్లు ఇవ్వక ప్రాణం పోయింది. తల్లికి ఆ నీళ్లే ఇస్తే ప్రాణం పోతుంది. రెండు మంచాల దగ్గరా చెప్పిన మాట మాత్రం ఒక్కటే, ఈసారి దాన్ని నా నోటితో నేనే చెప్పాను. నేను చెప్పింది సరైనదే. మళ్లీ ఆ మంచమే ఎదురైతే మళ్లీ అదే చెబుతాను. అయినా ఇవాళ్టికీ ఏ పేషెంటు పక్క నుంచి నీళ్ల సీసా తీయాల్సి వచ్చినా, ఎవరో కిందినుంచి నా చేతి వైపు చూస్తున్నట్టు ఉంటుంది.

సాయంత్రం విజిటర్లు వెళ్లిపోయాక దూది తడిపి అవ్వ పెదవులకు అద్దాను. ఆమె తల తిప్పేసుకుంది. “దానికి పెట్టు,” అంది. చుట్టూ చూశాను. తెర లాగాను. అవ్వ చూపించిన చోట, మంచం అంచుకు ఆనుకుని, గాలిలో తడిదూది పట్టుకుని నిలబడ్డాను. దూది నుంచి చుక్కలు టైల్స్ మీద పడుతున్నాయి. అవ్వ ఆ చుక్కలనే చూస్తోంది.

“గీ సుక్కలు దానికి యాడ సరిపోతయి బిడ్డా,” అంది.

నేను దూది పారేసి, నేల తుడిచి, బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కున్నాను. కుళాయి కట్టేయడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.

మాటిమాటికీ రక్తం తీసి పంపుతున్నాం. సోడియం కొంచెం పెరిగిందని ల్యాబు నుంచి కబురు వచ్చింది. ఆ పూట అవ్వ తన పక్కన జాగా సవరించలేదు. మంచం కాళ్ల వైపు చూస్తూ మాట్లాడింది. మర్నాడు ఇంకొంచెం పెరిగింది. అవ్వ చూపు గోడ దగ్గరికి పోయింది. “గంత దూరమెందుకు నిలబడ్డవే? దగ్గరికి రా,” అని చేత్తో పిలిచింది. ఆ మర్నాడు తలుపు దగ్గరికి పోయింది. నేను సెలైన్ మెషిన్‌లో అంకెలు సరిచూసుకుంటూ, ఆ తలుపులోంచి వస్తూ పోతూ ఉన్నాను. వచ్చినప్పుడల్లా ఒక పక్కకు ఒదిగి వచ్చేదాన్ని. మందు పనిచేస్తోందని డాక్టరమ్మ సంతోషపడింది. నేను కూడా పడాల్సింది. కానీ నా చేత్తో ఎక్కిస్తున్న ఉప్పు ఆ పిల్లను అడుగడుగూ వెనక్కి నెడుతున్నట్టు అనిపించేది.

చివరికి ఒక పొద్దున అవ్వ కళ్లు తెరిచి, కోడల్ని పేరు పెట్టి పిలిచి, “ఇదేం దవాఖాన?” అని అడిగింది. ఊరు చెప్పింది, నెల చెప్పింది, కోసుకోవాల్సిన టమాటాలు గుర్తుచేసుకుంది. తరవాత తలుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

“పోయింది,” అంది. “నీళ్లు తాగకుండనే పోయింది.”

డిశ్చార్జ్ రోజు నేను నాకు తెలిసిందంతా చెప్పాను. పసరు వద్దు, చప్పిడి పత్యం వద్దు, అందరిలాగే ఉప్పు తిను, దాహమైనప్పుడే నీళ్లు తాగు, పాత బీపీ గోలి ముట్టుకోకు, ఇదిగో కొత్తది. అవ్వ అన్నిటికీ తల ఊపింది.

మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, డాక్టరమ్మ గదిలోంచి అవ్వ బయటికి వచ్చి నా దగ్గర ఆగింది. కోడలు మందులు తీసుకోవడానికి కిందికి వెళ్లింది.

“బిడ్డా, ఆ పాత గోలీలు జర ఇప్పియ్యవా?”

“ఎందుకవ్వా? అవి వద్దని చెప్పిన గద.”

“ఒక్కపారి సాలు.” నా చెయ్యి పట్టుకుంది. “దానికి ఫోటో లేకుండె బిడ్డా. నేను మొకం మర్సిపోయిన. కన్నతల్లి మర్సిపోతదా అంటరు, మర్సిపోయిన. పేరున్నది, మొకం లేదు. గీ దవాఖానల సూసిన. మళ్ల ఇప్పుడు ఎంత గుర్తుకు తెచ్చుకున్న వస్తలేదు.”

ఇవ్వనన్నాను. గట్టిగానే అన్నాను. చస్తావు అని కూడా అన్నాను. “నీకేం పోయింది, నీ పిల్ల గాదు గద,” అని ఆమె మెట్లు దిగిపోయింది. గోలీలు నేను ఇవ్వకపోతే ఇంకెక్కడా దొరకవా? పాత అట్ట చూపిస్తే ఏ షాపువాడైనా ఇస్తాడు. ఆ ఆలోచనతో నాకు అన్నం సయించలేదు.

భయపడ్డట్టే అయింది. కొన్నాళ్లకు కోడలు ఫోన్ చేసింది. “అక్కా, అత్త పాత గోలీలు తెప్పిచ్చుకున్నది, మళ్ల ఉప్పు బంద్ చేసింది. చెంబులకు చెంబులు నీళ్లు తాగుతున్నది. తలకాయ నొస్తున్నదంటది, దవాఖానకు రమ్మంటే కదులతలేదు. ఎవరన్న మాట్లాడితే కొట్టవస్తున్నది.” నా సెలవురోజు చేవెళ్ల బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ముడిమ్యాల పోయాను.

అవ్వ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయి ఉంది గానీ నన్ను గుర్తుపట్టింది. పక్కన చెంబు నిండా నీళ్లు, దాని పక్కన నీళ్లు పోసిన స్టీలు గ్లాసు. ఎవరికని అడగలేదు. ముందు తిట్టాను. బతిమాలాను. ఫిట్స్ వస్తాయని బెదిరించాను, కొడుకు మీద ఒట్టు పెట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆమె గ్లాసు మీద ఈగ వాలకుండా కొంగుతో విసురుతూ కూర్చుంది.

“ఈపారి సిద్ధంగ ఉన్న బిడ్డా. పిల్ల వచ్చుడుతోనే తాపుత,” అంది.

అప్పుడు నాకు తెలిసిన చదువంతా అయిపోయింది. ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడ్డాను.

“అవ్వా, దవాఖానల ఉన్నన్ని దినాలు అది నిన్ను ఏమడిగింది?”

“నీళ్లు.”

“తాగిందా?”

ఆమె గ్లాసును దగ్గరికి జరుపుకుంది.

“దూది పెడితె తాగిందా? నువ్వు చెయ్యి చాపి పిలిస్తె తాగిందా? గీ గ్లాసు పెడితె మాత్రం తాగుతదా? నువ్వు ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వస్తది అవ్వా. వచ్చి, ఆ పగిలిన పెదవులతోనే నీ ముంగట నిలబడ్తది. నీ కాడికి వచ్చినన్ని దినాలు దానికి దూపనే. గందుకేనా పిలుస్తున్నవ్?”

ఆ మాటలు నా నోట్లోంచి వచ్చాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. లేని పిల్లను ఉన్నట్టు చేసి, ఆ పిల్లనే తల్లి మీదికి ఉసిగొల్పాను. ఏ పుస్తకంలోనూ నాకు ఈ మందు ఎవరూ నేర్పలేదు. దీనికి ఎంత మోతాదో, విరుగుడు ఏమిటో నాకు తెలియదు. కోడలు తలుపు దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

వాకిట్లో ఎండ జరిగి మా కాళ్ల దాకా వచ్చింది. ఈగ వచ్చి గ్లాసు అంచు మీద వాలినా అవ్వ విసరలేదు. చాలాసేపటికి, కోడలి వైపు చూడకుండానే, “బువ్వ తే. ఉప్పు గూడ తే,” అంది.

కోడలు కంచం తెచ్చి ముందు పెట్టింది. అవ్వ డబ్బాలోంచి ఉప్పు తీసి అన్నం మీద చల్లింది. పప్పు కలిపింది, ముద్ద చేసింది, నోటి దాకా తెచ్చి ఆగింది. కళ్లెత్తి, నన్ను దాటి, ఖాళీ వాకిలి వైపు చూసింది.

“పో బిడ్డా,” అంది. “నా కాడ ఉండకు. ఏడన్న పోయి నీళ్లు తాగు.”

ఆ బిడ్డ నేను కాదు. అవ్వ ముద్ద నోట్లో పెట్టుకుని, ఏడుస్తూ నమిలింది.